తాడుకి ఇవతల

పంతొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం ఒకటే మాట:
"ముట్టుకోకండి."
చెక్‌లో, జర్మన్‌లో, వచ్చీరాని పోలిష్‌లో.

మొరావియాలో ఒక కోట, పదకొండో గది.
ఎర్ర తాడుకి అవతల చెర్రీకొయ్య పియానో,
సన్నకాళ్ల మీద అప్పుడే లేచిన దూడలా.
తెల్లమెట్లు ఉండాల్సిన చోట నల్లవి,
నల్లవాటి చోట ఎముక తెలుపు.
"పలుకుతుందా?" అని పిల్లలడిగితే
"ముసలిది, పడుకుంది" అనేవాణ్ణి.
నాకూ తెలీదు మరి.

నవంబరులో ఒక శనివారం తాడు నేనే విప్పాను.
శ్రుతి చేసే ఓల్డ్రిఖ్ మధ్యాహ్నమంతా
పళ్ల డాక్టరులా లోపలికి వంగి తిట్టుకున్నాడు.
లోపల ఇనప చట్రం లేదు, ఒట్టి కొయ్య,
జనం ఊపిరికే శ్రుతి జారుతుందట.
"అరవైమందిని మించి రానీకు" అన్నాడు.
అరవై నలుగురిని రానిచ్చాను.
ఆ నలుగురూ వానలో నిలబడి ఉన్నారు.

ద్రహోమీరా వచ్చి కూర్చుంది.
కాలికింద పెడల్ లేదు, మోకాలితో పలకని పైకెత్తాలి.
గౌను కింద ఆ మోకాలి కదలిక
మూలనున్న నా కుర్చీకే కనబడుతుంది.

మొదటి స్వరానికి నిరాశే, అబద్ధమెందుకు.
ఇంతేనా? ఇంత సన్నమా?
రేడియోలో పియానో అంటే ఉరుము కదా.
వెనక ఎవరో దగ్గితే సగం వాక్యం మునిగిపోయింది.

తర్వాత గది మెల్లగా చిన్నదైంది.
అరవై నాలుగు మెడలు ముందుకు సాగాయి.
జింకతోలు తొడిగిన గోరంత సుత్తులు
తంతిని తట్టి వెంటనే తప్పుకుంటున్నాయి,
అప్పడగడానికొచ్చిన పొరుగింటివాళ్లలా.
కింది స్వరాల్లో తిరగలి గరగర,
పైవాటిలో గాజుకి తగిలిన చెంచా.
పుట్టిన స్వరం పుట్టినట్టే పోతోంది,
అది పోయేలోగా ఇంకోటి అందుకోవాలి.

చిన్నప్పుడు జ్వరమొస్తే
పక్కగదిలో అమ్మా పిన్నీ
నేను లేస్తానని గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు.
మాటలు అందేవి కావు,
నా గురించేనని మాత్రం తెలిసేది.
అలా ఉంది.

నెమ్మది భాగం చివర టప్‌మని ఒక తంతి తెగింది.
జంటలో ఒకటి.
ఆమె ఆగలేదు.
ఆ స్వరం వచ్చినప్పుడల్లా
మిగిలిన తంతి ఒంటరిగా వచ్చి
రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుంది.

ఆదివారం తాడు మళ్లీ కట్టాను.
తడిబూట్ల పాప ఒకతె అడిగింది: "పలుకుతుందా?"
నేను వంగాను.
ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు,
గొంతు తగ్గించి చెప్పాను.