మగ్గం గుంట

గుంట పూడ్చలేదు.
నాన్న కాళ్లు దించి కూర్చున్న చోట
ఇప్పుడు వడపోత తొట్టె గుడగుడలాడుతోంది.
పైన, ఆరడుగుల గాజులో,
బరంపురం మొత్తంలో మా వీధికే దక్కిన సముద్రం.

గోపాల్‌పూర్ నీళ్లు కావు. ఉప్పు సంచి, తక్కెడ,
తెల్లారేదాకా కలియబెట్టడం.

రెండు పంపులూ కుడిగోడకే బిగించాను.
ఎదుటి గోడ దగ్గర ఇసుక లేచిపోయి
అడుగు గాజు బయటపడింది.
రాయి వెనక మాత్రం
తినని మేత, గోధుమరంగు పాచి.
అక్కడి మెత్తపగడం
పదిరోజులుగా పిడికిలి విప్పలేదు.

దాలెమ్మత్త
కండెలు చుట్టి అరిగిన బొటనవేలితో గాజు మీద తట్టింది:
“ఏట్రా, ఒక పక్క నుంచే తోసేస్తన్నావు?
నాడె ఎల్లిపోతే సరా? మళ్లీ రావొద్దేటి?”

ఒక పంపు విప్పి అటు పెట్టాను.
ఇది ఆగాక అది. అది ఆగాక ఇది.
మధ్యలో ఒక్క రెప్పపాటు
నీళ్లు ఎటు పోవాలో తేల్చుకోలేక ఊగుతాయి.
మూడోనాడు, సరిగ్గా ఆ ఊగులో,
పగడం ఒక వేలు చాపింది.

నిన్న గాలివానకి కరెంటు పోయింది.
ఇన్వర్టరు గంటకే చేతులెత్తేసింది.
స్టూలెక్కి నేను చెంబుతో ముంచి పోస్తున్నాను.
అవతల అత్త, గాజులు పైకి తోసుకుని,
మోచేతిదాకా చెయ్యి దించి
ఇటునుంచి అటు, అటునుంచి ఇటు,
సగం తెలుగులో సగం ఒడియాలో
పోగులు లెక్కపెడుతూ.

మూడింటికి లైట్లు వెలిగాయి. పంపు గుర్రుమంది.
“ఇక చాలత్తా” అన్నాను.
“ఉండరా,” అంది చెయ్యి తియ్యకుండా,
“అంచు కుంభం ఇంకా తేల్లేదు.”