చలానా

రాత్రి రెండింటికి మూసాపేట ఫ్లైఓవర్ కింద
నిచ్చెన నేను పట్టిన, పోశెట్టి ఎక్కిండు.
అన్న పుట్టినరోజు ఫ్లెక్సీ. పదిహేనడుగులు.
మెడ కాడ తాడు కోస్తే
ఆ నవ్వు నవ్వుతనే రెండు మడతలై
నా నెత్తి మీద పడ్డది.

చలానా ఎవరి పేరు మీద రాయాలె?
శుభాకాంక్షలు చెప్పినోళ్ళు నలభై మంది,
అడ్రసు ఒక్కనికీ లేదు.
అందరి మొహాలూ ట్రాలీలకు ఎక్కించినంక
"గుర్తు తెలియని వ్యక్తులు" అని రాసిండు సారు.

ఫ్లెక్సీ ఎనక, స్తంభానికి,
మైదాపిండితోని అంటించిన చిన్న కాయితం.
కనబడుట లేదు. బాలమణి, యాభై ఆరేండ్లు.
చిలకపచ్చ చీర. పిలిస్తే పలకదు,
పాట వినబడితే ఆగుతది.
కింద ఫోన్ నంబరు. రెండుసార్లు, పెద్దగ.

రూలంటే రూలే. ఇదీ పర్మిషన్ లేనిదే.
పైంగ దీనికి నంబరున్నది.
సారు స్పీకర్ పెట్టి కలిపిండు.

ఒక్క రింగన్న నిండలే.
"దొరికిందా?"

పోశెట్టి నిచ్చెన దిగుడు మరిచిండు.
సారు పెన్నుకు మూత పెట్టిండు, మల్ల తీసిండు.
"హలో... ఏ రోడ్డు సార్? చెప్పుర్రి, ఏ రోడ్డు?"
అవతల బండి స్టార్టయిన చప్పుడు.