నా ముందు నడవొద్దు

ఇరవై ఆరేళ్ళు నేను జడ్జీల వీపు చూడలేదు.
వాళ్ళే నా వీపు చూస్తూ వచ్చారు.
తెల్ల అంగీ, ఎర్ర డవాలా, చేతిలో వెండి బెత్తం,
నోట్లో ఒకే ఒక్క మాట: ష్.

ఆ ష్ వినపడగానే
ఎర్రరాయి వరండాలో ప్లీడర్లు గోడకి అతుక్కుపోయేవాళ్ళు.
కాకులు మాత్రం ఖాతరు చేసేవి కావు.

ఏ దొర కాలం నాటిదో ఆ బెత్తం.
పిడి మీది సింహానికి ముక్కు అరిగిపోయింది.
తాత తోమాడు, నాయన తోమాడు.
స్టోరు వాళ్ళిచ్చే పౌడరు నమ్మక
నేను చింతపండుతో తోమేవాణ్ణి, శుక్రవారం శుక్రవారం.
ఇంట్లో తెలుగు, వీధిలో అరవం,
కోర్టులో మౌనం. మా వంశానికి మూడు భాషలు.

పోయిన జూన్‌లో తిలకవతి అమ్మగారు వచ్చారు.
సీనియర్ జడ్జి, పొట్టి మనిషి, చెప్పులు చప్పుడు చెయ్యవు.
మొదటి రోజే ఛాంబర్ గుమ్మంలో ఆగి
"ఎత్తిరాజ్, ఇక నా ముందు నడవొద్దు.
దారి నాకు తెలుసు" అన్నారు.

నా కుడి అరచేతిలో కాయ ఉంది,
రూపాయి బిళ్ళంత.
ఆ రోజు దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి కాగితాలు.
మై లార్డ్ అనొద్దన్నారు.
ఎండల్లో నల్లగౌను వద్దన్నారు.
దొరలకి ఎండ పడక పెట్టుకున్న సెలవుల్లో
తాను మే నెలంతా కూర్చుంటానన్నారు.
"మొదట బెత్తం, తర్వాత గౌను, రేపు న్యాయమే పోతుంది"
అని శఠకోపం గారు కాఫీ చల్లార్చుకున్నారు.
చట్టాలకి పేర్లూ నంబర్లూ మారిపోయాయి,
అరువు ఎగ్గొట్టిన ఫోర్‌ట్వంటీగాణ్ణి
ఇప్పుడు ఏ నంబరుతో తిట్టాలో తెలియక
క్యాంటీన్ మాస్టరు నోరు తెరిచి మూసుకున్నాడు.

నన్ను రికార్డు గదికి పంపారు.
బెత్తం బరువు కేజీన్నర, నాకు తెలుసు.
చెంగమ్మ కట్ట తూచి చూశాను, పాతకాగితాల వాడి త్రాసులో:
పదకొండు కేజీలు, చెదపురుగులు కాకుండా.
ఇన్నేళ్ళూ నేను ముందు మోసింది
వెనక ఉన్న బరువుని కాదు.

మే నెల, రెండో మంగళవారం.
రాయపురం చెంగమ్మ, రెండో అప్పీలు,
తొమ్మిది అడుగుల సందు, దాని మధ్య ఒక గోడ,
ముప్ఫై ఎనిమిదేళ్ళ వాయిదాలు.
పేరు పిలిచారు.
వకీలు లేడు. ఊటీ వెళ్ళాడు.
దొరలు వెళ్ళిపోయినా కొండ అక్కడే ఉంది కదా.

వెనక బెంచీలోంచి ముసలామె లేచింది.
మాట్లాడింది, మా వీధి తెలుగులో.
అమ్మగారికి తెలుగు రాదు. గుమాస్తాకి రాదు.
కట్ట పట్టుకుని గోడవార నిలబడ్డ నా వైపు
హాలంతా తిరిగింది.

ఆ హాల్లో నా నోట
ష్ తప్ప ఇంకో మాట పుట్టలేదు ఎన్నడూ.
గొంతు సవరించుకున్నాను. దగ్గొచ్చింది.
"ఆ గోడ ఎప్పుడో పడిపోయిందట, మై లార్డ్."
అనేసి నాలుక కరుచుకున్నాను.

అమ్మగారు కోప్పడలేదు.
కళ్ళజోడు తీసి, "ఎప్పుడు?" అన్నారు.

చెంగమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టింది.
"సునామీకి ముందొచ్చిన వానల్లో, అయ్యా.
గోడ పోయాక వాళ్ళ బట్టలూ మా బట్టలూ
ఒకే తాడు మీద ఆరేస్తున్నాం.
రాకపోతే జరిమానా వేస్తారని వకీలు చెప్పాడు,
అందుకే ప్రతి వాయిదాకీ వస్తున్నా."

ఎవరూ నవ్వలేదు. ఫ్యాను తిరుగుతోంది.
తిలకవతి అమ్మగారు కట్ట విప్పబోయి ఆగారు,
మొదటి కాగితం చేతిలోనే పొడి అయింది.

చెంగమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది.
"ఇంక నేను రానక్కర్లేదా అని అడుగు నాయనా."

తాత మోసిన బెత్తం అద్దాల బీరువాలో ఉంది.
నేను ఇక్కడ నిలబడి
ఆ ఒక్క మాటకి అరవం వెతుక్కుంటున్నాను.