ఏమీ కనపడని రోజు, ఎడిన్‌బరో

తలా పద్దెనిమిది పౌండ్లు కట్టి
మేం పదకొండుమందిమి
తెలుపుని చూడ్డానికి వచ్చాం.

రాత్రికి రాత్రి సముద్రం లేచి ఊళ్ళోకి నడిచొచ్చిందట.
ఈ మంచుని ఇక్కడ హార్ అంటారని గైడు ఇష్బెల్ చెప్పింది.
"హారమా?" అన్నారు వజ్రమ్మగారు.
ఎవరూ దిద్దలేదు.
నిజానికి అలాగే ఉంది,
ఊరి మెడలో ఎవరో తడి దండ వేసి
ముఖం మునిగిపోయినా ఆపకుండా వేస్తూనే ఉన్నట్టు.

మడిచిన గొడుగెత్తి ఇష్బెల్ తెలుపులోకి చూపించింది:
అదిగో కోట. చల్లారిన అగ్నిపర్వతం మొండి మీద కట్టారు.
ఎడమపక్కది బురుజు. దాని కింద రాతి చీలికలో
ఎవరూ నాటని పసుపుపూల పొద.
మేం బుద్ధిగా తలలెత్తాం.
పోస్టల్ సూపరింటెండెంటుగా రిటైరైన భుజంగరావుగారు
తెలుపుని నాలుగు ఫొటోలు తీసి
ఒకటి సరిగ్గా రాలేదని అయిదోది తీశారు.
"అరచేతిలో వైకుంఠం" అని గొణిగారు.
అదేదో మెచ్చుకోలు అనుకుని
ఇష్బెల్ తల వంచి అందుకుంది.

ఆ రోజు మాకు దక్కినవన్నీ నేలకి దగ్గరగా ఉన్నవే.
తడి రాళ్ళ వీధి.
మనిషి లేని బ్యాగ్‌పైపు పాట.
బాటలో పొదిగిన రాతి గుండె,
ఒకప్పుడు అక్కడ జైలు గుమ్మం ఉండేదట,
ఊరివాళ్ళు దానిమీద ఉమ్మి పోతారు, అదృష్టమని.
మాకు నోరు ఎండిపోయింది.
తత్వవేత్త విగ్రహానికి మోకాలి పైనంతా మంచు.
మిగిలింది కాలి బొటనవేలు,
తెలివి వస్తుందని వచ్చినవాళ్ళల్లా రుద్ది రుద్ది
చింతపండుతో తోమిన బిందెలా చేశారు.
వజ్రమ్మగారూ రుద్దారు.
"తెలివి నాకు చాలినంత ఉంది, ఇది మోకాళ్ళ కోసం."

నాది తెనాలిలో కళ్ళద్దాల కొట్టు.
ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని అక్షరాల బోర్డు ముందు
కూర్చోబెడుతున్నదాన్ని.
అందుకే పట్టుకున్నాను.
ముఖం చూడాలంటే ఇష్బెల్ చెవి పక్కకి చూస్తుంది.
మెట్లు దిగేటప్పుడు పెదవులు కదుపుతుంది, అది లెక్క.
ఇనుప కమ్మీ ఎక్కడ మొదలవుతుందో
ఆమె చేతికి ముందే తెలుసు.
నడిమి చూపు పోయినవాళ్ళు అంచులతో బతుకుతారు.

ఇరుకు సందులో మిగతావాళ్ళు వెనకపడ్డప్పుడు అడిగాను,
"ఎన్నాళ్ళయింది?"
"ఏడేళ్ళు. ఆఫీసులో చెప్పకు."
గొడుగు మొన రాయి మీద రెండుసార్లు టకటకలాడించి
"ఇలాంటి రోజులు నాకు పండగ" అంది.
"నాకంటే ఎక్కువ ఎవరికీ కనపడదు."

అప్పుడు పేలింది ఫిరంగి. ఒంటిగంట.
పన్నెండింటికైతే పన్నెండు గుళ్ళు దండగని
ఈ ఊరి పిసినారితనం మీద పాత ఎగతాళి ఉందట,
అది చెప్పేలోపే
తెలుపు మొత్తం ఒక్క ఉదుటున ఉలిక్కిపడింది.
కొత్త పెళ్ళికూతురు మొగుడనుకుని
భుజంగరావుగారి చెయ్యి పట్టేసుకుంది.
ఆ తర్వాత ఆయన
కోట ఉందా లేదా అన్న మాటే ఎత్తలేదు.

చివరగా కొండ మీద పన్నెండు స్తంభాలు.
డబ్బులైపోయి ఆపేశారు,
రెండొందల ఏళ్ళుగా అంతే.
"ఇది మాత్రం ఎండరోజున కూడా
పూర్తిగా కనపడదు" అని
ఇష్బెల్ ఆ రాతిని తట్టింది, పాడిగేదె డొక్క తట్టినట్టు.

బస్సు కదిలాక వచ్చింది ఎండ,
పెళ్ళయిపోయాక వచ్చిన మేనమామలా.
అందరూ వెనక అద్దానికి అతుక్కున్నారు.
కోట ఉంది. ఎడమపక్క బురుజూ ఉంది.
ఆవిడ చెప్పినంత పెద్దది కాదు.
పసుపుపూల పొద కోసం వెతికాను.
ఇంత దూరానికి నా కళ్ళు చాలవు.
పక్కసీట్లో వజ్రమ్మగారు
చేతివేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని
"కంచు" అన్నారు,
నమ్మకపోతే చూడమని
నా ముఖం ముందుకి చాచారు.