రెండుసార్లు వినబడిన సుత్తి

పటమటలో మూడో అంతస్తు, ఉత్తరపు గది.
బీరువాకూ గోడకూ మధ్య ఇరికిన బల్లే నా ఆఫీసు.
వెనకాల తెర మీద కంపెనీ ఇచ్చిన బొమ్మ:
మొక్కలు, అద్దాలు, ఎక్కడా దుమ్ము లేదు.
బొమ్మ వెనక ఇస్త్రీకి కట్టిన బట్టల మూట.

ఈ వారం నాలుగువందల పన్నెండు రెజ్యూమెలు.
ఒక్కోదానికి నా కళ్ళు ఇచ్చేది ఏడు సెకన్లు,
చింతపండులోంచి గింజ తీసినంతసేపు.
అందరూ టీమ్ ప్లేయర్లే.
అందరూ లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టే చేశారు,
ఇన్ని లైబ్రరీలకు పుస్తకాలెక్కడివో.

పెళ్ళి భోజనాల్లో, రక్తపరీక్ష క్యూలో అడుగుతారు,
"అసలు మీవాళ్ళకేం కావాలమ్మా?
మార్కులా? కాలేజీ పేరా? ఇంగ్లీషా?"
ఏదో ఒకటి చెబుతాను.
చెప్పింది అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు.

ఇవాళ పదకొండున్నరకు మీరావలి.
నీలం చొక్కా, మెడ దాకా గుండీలు.
వెనక గోడకు, క్యాలెండరు తీసేసిన మేకు ఒక్కటే.
ప్రశ్న వేశాను:
కోటి పేర్ల జాబితాలో ఒక్క పేరు రెండుసార్లు వచ్చింది,
ఎలా పట్టుకుంటావు?

అతను నోరు తెరిచేలోగా
ఆటోనగర్‌లో ఎవరో లారీ బాడీ మీద సుత్తి వేశారు.
ఠంగ్.
అలవాటుగా మైకు మ్యూట్ చేశాను.
మళ్ళీ ఠంగ్,
ఈసారి కిటికీలోంచి కాదు,
హెడ్‌ఫోన్లోంచి, అరక్షణం ఆలస్యంగా.

ఇంకో దెబ్బ. కిటికీ. హెడ్‌ఫోను.
ఒకే సుత్తి.
ఏ ఊళ్ళ మీదుగానో, ఏ తీగల్లోనో చుట్టూ తిరిగి
రెండు వీధుల అవతలి నుంచి నా చెవికి చేరుతోంది.

చెప్పకూడదు. మాకు రూలుంది:
ఊరు అడగకూడదు, ఇంటిపేరు అడగకూడదు,
తండ్రి ఏం చేస్తాడని అసలే అడగకూడదు.
మంచి రూలే.
బందరు రోడ్డులో మా నాన్న పంక్చర్లు వేస్తాడని చెప్పాక
నా మొదటి ఇంటర్వ్యూ
ఇంకో రెండు నిమిషాలు కూడా సాగలేదు.

మీరావలి చాలాసేపు ఏమీ అనలేదు.
"తెలియదండి" అన్నాడు తర్వాత.
నా చెయ్యి ఎడమవైపు గడి మీదికి పోయింది.
"తెలియదు గానీ, ముందు పది పేర్లతో చూస్తాను."
చూశాడు. తప్పు చేశాడు.
తన తప్పు తనే పట్టుకుని నాకన్నా ముందు నవ్వాడు.
"మొదటి అక్షరాన్ని బట్టి విడి డబ్బాల్లో వేస్తానండి,
నట్లు ఏరినట్టు.
ఒకే పేరైతే ఒకే డబ్బాలో పడక తప్పదు కదా."
నట్లు అన్నందుకు సిగ్గుపడి
గొంతు సవరించుకుని "హ్యాష్" అన్నాడు.

నాన్న కొట్టు పక్కన నాంచారయ్య మేస్త్రి లేతు షెడ్డు.
పని అడిగిన కుర్రాడి చేతిలో ఒక బోల్టు పెట్టి
దీనికి నట్టు పట్రా అనేవాడు.
ఏదో ఒకటి పట్టుకుని పరుగున వచ్చినవాణ్ణి
మధ్యాహ్నం లోపే ఇంటికి పంపేసేవాడు.
"దీనికి మర పోయింది మేస్త్రీ, ఏ నట్టూ పట్టదు"
అన్నవాడికి టీ.

నా దగ్గర టీ లేదు. ఐదు గడుల ఫారం ఉంది.

"మీరేమైనా అడుగుతారా?"
జీతం అడుగుతాడనుకున్నాను.
"మేడమ్, మీ దగ్గర కూడా ఎవరో కొడుతున్నారాండీ?"
"నెట్‌వర్క్ ఎకో" అన్నాను.
నమ్మినట్టు తలూపాడు.
ఆ తలూపడం చూస్తే
పది పేర్లలో రెండోసారి వచ్చిన పేరు
దొరికిపోయినట్టే ఉంది.

నాలుగు గడులకు అంకెలు వేశాను.
ఐదో గడిలో, "నట్లు ఏరినట్టు" అని తెలుగులోనే కొట్టాను.
ఆ ఫారానికి తెలుగు రాదు,
చదరాలు చదరాలుగా పడింది.
చెరిపేసి ఇంగ్లీషులో ఏదో రాశాను.
గురువారం ఐదుగురు కూర్చుని తేలుస్తారు,
నేనుండను.

కాల్ తెగింది.
సుత్తి మళ్ళీ ఒక్కసారే వినబడుతోంది.
పన్నెండింటికి ఇంకొకరున్నారు.