స్టెప్నీ

మహూత్ దాటి ఇరవై కిలోమీటర్లు పోయినంక
ఎనుక ఎడమ టైరు పేలింది.
రెండు దిక్కులా సబ్కా,
ఉప్పు పెచ్చులు లేసిన నేల.
నీడ అంటే మా పికప్ కింద ఉన్నదే నీడ.

పైన ఎనిమిది పెట్టెల కనద్ చేప,
ఐసు మీద ఐసు.
సీనావ్ మార్కెట్ల ఖల్ఫాన్ ఎదురుచూస్తున్నడు.
ఫోన్ ఎత్తితే ఒకటే ముచ్చట:
యల్లా, యల్లా.

స్టెప్నీ బండి పొట్ట కింద ఉన్నది.
బండి కొన్న కాన్నుంచి అక్కడనే ఉన్నది.
ఒక్కనాడు దించింది లేదు, దుమ్ము దులిపింది లేదు.
చేపల నీళ్ళు మాత్రం రోజూ పలకరించినయ్,
చుక్కచుక్కగ గొలుసును తిన్నయ్.

బంపర్ పైన బొక్కల రాడ్ దూర్చి తిప్పిన.
జానెడు దిగింది.
టక్కుమన్నది.
ఇగ దిగ.

మొఖ్లెస్ ఐసు కొట్టే పిల్లగాడు,
బరిసాల్ నుంచి వచ్చి పది నెలలైంది.
ఉల్టా ఘుమావ్ భాయ్, అన్నడు.
ఉల్టా తిప్పిన, సీదా తిప్పిన.
సుత్తెతోని కొడితే తుప్పు రాలి కండ్లల్ల పడ్డది.
డీజిల్ పోస్తే మోచేతి మీదికెల్లి కారి
చంకల దాక వచ్చింది.
ఇద్దరం టైరు పట్టుకొని
కాళ్ళు ఛాసీకి తన్నిపెట్టి గుంజినం.
గుంజిన కొద్దీ బిగిసింది.
మొఖ్లెస్ వాళ్ళ భాషల దాని అమ్మను తిట్టిండు,
నేను మా భాషల అక్కను.

అట్లనే ఎల్లెలుకల పడుకున్న.
వీపు కింద ఉప్పు కాలుతున్నది,
ముక్కుకు బెత్తెడు దూరంల
ఆ నల్లటి మొఖం వేలాడుతున్నది.
అప్పుడు నడుముకు యాదికొచ్చింది.
నాకు కాదు, నడుముకు.

పదహారేండ్లకు మోకు కట్టుకున్న నడుము అది.
మొదటిసారి తాడు నడిమిట్ల భయమై
ఎనుకకు ఒరిగిన.
మోకు చెట్టును కరిచింది,
పైకి పోనియ్యది, కిందికి రానియ్యది.
మా చిన్నాయిన కింద నిలబడి బీడీ ముట్టిచ్చుకుంట
"దిగాలంటే ముందు చెట్టు దగ్గరికి పోరా" అన్నడు.
రొమ్ము ఆనేదాక పోయిన.
బరువు నా కాళ్ళ మీదికి, గుజి మీదికి వచ్చింది.
మోకు వదులై మాట విన్నది.

జాకీ తే, అన్న.
మొఖ్లెస్ నవ్విండు.
టైరు కిందికి రావాలె భాయ్, జాకీ ఎందుకు?
పైకి లేపుదాం, అన్న.
ఎండ తలకెక్కిందనుకున్నడు.
అయినా తెచ్చిండు.

టైరు కింద జాకీ పెట్టి
మర ఎనుక మర తిప్పిన.
టైరు ఎక్కింది, గొలుసు సడలింది,
లోపల ఎక్కడనో చిన్న నాలుక
తన పంటి సందుల నుంచి జారింది.
చప్పుడు పెద్దగ ఏం రాలే.
మొఖ్లెస్‌కు వినపడనే లేదు.

జాకీ తీసి రాడ్ తిప్పితే దిగింది,
నింపాదిగ,
నిండు లొట్టి తాడు మీదికెల్లి దిగినట్టు.
రిమ్ గిన్నెల దోసెడు ఉప్పు పేరుకున్నది,
అందుల ఎండిన పీత పిల్ల ఒకటి,
కాళ్ళు ఎనిమిదీ ముడుచుకొని.
గాలి సగమే ఉన్నది.
పెట్రోల్ పంపు దాక సగం సరిపోయింది.

ఖల్ఫాన్ పెట్టెలల్ల చెయ్యి పెట్టి చూసి
మూడు రియాళ్ళు కోసిండు.
అరువు పెట్టి ఒక గ్రీజు డబ్బా కొన్న.
మొఖ్లెస్ వేళ్ళతోనే రాసిండు గొలుసు పొడుగునా,
రొట్టెకు నెయ్యి రాసినట్టు,
ఒక్క కడియం ఇడువకుంట.

రాత్రి రూమ్ల స్నానం చేసుకుంట
నడుము చుట్టు తడిమి చూసుకున్న.
మోకు రాపిడికి అక్కడ ఒకప్పుడు కాయకట్టిన తోలు ఉండేది.
సబ్బు నున్నగ జారిపోయింది.