పాతర

కొవ్వెక్కిందా అని తిట్టే భాషలో పుట్టి
ఆరేళ్ళుగా కొవ్వు మీదే పనిచేస్తున్నాను.

పొద్దున ఏడున్నరకు థియేటర్ నుంచి ఫోను.
పిత్తాశయం తీస్తూ, పక్కనున్న కొవ్వు
చిక్కుడు గింజంత కోసిపెట్టారు.
ఐసు పెట్టె స్కూటీలో కాళ్ళ దగ్గర పెట్టుకుని
లీలామహల్ సర్కిల్ చేరేసరికి
తడి గుండ్లతో ఒక కుటుంబం రోడ్డు దాటుతోంది.
వాళ్ళు ఇచ్చి వచ్చింది వెంట్రుకలు.
నా పెట్టెలో ఉన్నది
ఎవరూ మొక్కుకోనిది.

శాంపిల్ నలభై ఏడు.
మనిషి పేరు మొగిలమ్మ.
పలమనేరు పక్క పల్లె. ముప్పై ఏళ్ళుగా
బస్టాండు వెనక ఇడ్లీ పాత్రల ఆవిరిలో.
తొంభై ఒక్క కిలోలు.
నిన్న సమ్మతి పత్రం చదివి వినిపిస్తుంటే
మధ్యలో ఆపింది.
"తినేది ఒంటిపూట పాపా, నిలబడేది పదహారు గంటలు.
డాక్టరు సారేమో నోరు కట్టుకోమంటాడు.
మాయమ్మ కట్టుకున్నింది నోరు,
నేను కడుపులో ఉన్నెప్పుడు,
గంజి కేంద్రం కాడ వరసలో నిలబడి.
ఆ వరస నాకింగా అయిపోలేదేమో."
వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుని
"కనుక్కున్నాక నాకూ ఒక మాట చెప్పు" అంది.

కత్తెరతో సన్నగా తరిగి, ఎంజైము పోసి
వెచ్చటి నీళ్ళలో ఊపుతాను.
నిండిన కణాలు పైకి తేలతాయి, మజ్జిగ మీద వెన్నలా.
నాకు కావలసినవి అడుగున ఉంటాయి,
ఇంకా ఏమవ్వాలో తేల్చుకోనివి.
పద్నాలుగు రోజులు మేపుతాను.
ఎనిమిదో రోజుకు లోపల ఒక చుక్క.
తర్వాత చుక్కలే చుక్కలు.
కేంద్రకాన్ని ఓ మూలకు నెట్టేసి
ఒక్కో కణం మూత వేసుకుని కూర్చుంటుంది,
మా జేజి చెప్పిన పాతరలా.
వాకిట్లో గుంత తవ్వి, గడ్డి పరిచి, రాగులు పోసి
మట్టి మెత్తేవాళ్ళట.
వానలు పడిన ఏడు దాచినవాళ్ళను
పడని ఏడు ఎవరూ ఎగతాళి చేయలేదు.

ఇంకో జాతి ఉంది, గోధుమరంగు కొవ్వు.
పసిబిడ్డ భుజాల వెనక ఉంటుంది.
దాచదు, కాలుస్తుంది.
ఏ గిన్నే పెట్టని పొయ్యి,
ఒట్టి వెచ్చదనం కోసం.
తెల్ల కణాలకూ ఆ నిప్పు అంటుతుందేమోనని
చలిని నటించే మందు ఒక బొట్టు వేస్తాను.
ఇరవై రెండో నంబరువి అంటుకున్నాయి.
ముప్పై అయిదువి సగం.
నలభై ఏడు?
తెర మీద గీత లేవలేదు.
మళ్ళీ వేశాను.
లేవలేదు.

స్పందన లేదు అని రాసుకోమన్నారు సార్. రాశాను.
ఒక్క మనిషి కణాలతో ఏమీ తేలదు.
ఆ గంజి వరసకూ ఈ పడుకున్న గీతకూ మధ్య
వంతెన వేసే సాక్ష్యం నా దగ్గర లేదు.
అయినా ఆ రాత్రి, మే నెల ఉక్కలో, కరెంటు పోయి
ఇంక్యుబేటరు గీపెడుతుంటే
జనరేటరు అందుకునేదాకా
దాని తలుపుకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాను,
లోపల ఎవరో పడుకున్నట్టు.

పోయిన వారం బస్టాండు వెనక్కి వెళ్ళాను.
ఆవిరిలోంచే గుర్తుపట్టింది.
"ఏం చెప్పింది పాపా, నా కొవ్వు?"
"కాలనంటోంది."
గరిటె ఆపి కాసేపు ఆలోచించింది.
"కడుపు కాలింది చాల్లేదంటనా దానికి?"
తనే నవ్వింది. నేను నవ్వలేదు.
నా ముంజేతిని రెండు వేళ్ళతో కొలిచి
చిక్కిపోయినావే అంటూ
అడక్కుండానే ఇంకో ఇడ్లీ వేసింది.